తూకం గుండుతో కాళహస్తి దాకా

మా అక్క మనవడు ఇటలీ నుంచి ఒక ఫొటో పంపాడు. పచ్చికలో నిలబడి, రెండు చేతులూ చాచి, వెనక వాలిన తెల్లటి గోపురాన్ని పడకుండా ఆపుతున్నట్టు నటించాడు. పీసా పోయిన ప్రతివాడూ దిగే ఫొటోనే అది. ఆ రోజు బనగానపల్లెలో మా ఇంటి ముందు నాపబండలు పరుస్తున్న మేస్త్రీకి చూపిస్తే, పిల్లవాణ్ణి వదిలేసి గోపురాన్ని చూశాడు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ఫోన్‌ను ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా పట్టుకుని చూశాడు.

"కట్టినోని తప్పు గాదు సార్ ఇది. నేల తప్పు. రేగడా?" అన్నాడు.

రేగడి కాదు, నది తెచ్చి పోసిన ఒండ్రు, దాని కింద మెత్తటి బంకమన్ను అని చెప్పాను. పునాది ఎంత లోతని అడిగాడు. మూడు మీటర్లన్నాను.

"పదడుగులు! మరి ఎత్తు?"

"ఎనిమిదంతస్తులు. నూట ఎనభై అడుగులు దాటుతుంది. బరువు 14,500 టన్నులు."

మేస్త్రీ ఇంకేమీ అనలేదు. నాలుక చప్పరించి, మళ్లీ బండ సర్దడంలో పడ్డాడు.

మా వైపు ఇల్లు కట్టుకునేవాళ్లకు ఈ లెక్క కొత్త కాదు. కోవెలకుంట్ల వైపు పోయే కొద్దీ నేల నల్లబడుతుంది. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. మే నెలలో ఆ నెర్రెల్లోకి చెయ్యి పెడితే మోచేతి దాకా పోతుంది. దాని మీద పైపైన లేపిన గోడ రెండేళ్లు తిరక్కుండా కిటికీ మూల నుంచి చీలుతుంది. అందుకే గరుసు తగిలే దాకా తవ్వి కానీ రాయి వేయరు. పునాదికి పెట్టే డబ్బు కంటికి కనబడదని ఇల్లు కట్టించేవాడు గొణుగుతాడు, మేస్త్రీ వినడు. మా మేస్త్రీ అయితే అసలు వినడు.

వారం తర్వాత ఆయనే అడిగాడు, కాళహస్తికి వస్తారా అని. రెండో కూతురికి సంబంధాలు వచ్చి వచ్చి వెనక్కి పోతున్నాయట. రాహుకేతు పూజ చేయించమని ఎవరో చెప్పారట. ఆ పూజ మీద నా నమ్మకం సంగతి అడగొద్దు గానీ, అక్కడి గాలిగోపురం చూడాలని నాకు చాన్నాళ్లుగా ఉంది. పాతది కూలిపోవడం టీవీలో చూసినవాణ్ణి, కొత్తదాన్ని చూడలేదు. బాడుగ కారులో డ్రైవరు పక్కన నేను, వెనక మేస్త్రీ, ఆయన భార్య, కూతురు. తెల్లారకముందే బయలుదేరాం.

ముందు యాగంటికి. అది మా దారిలో లేదు, ఎదురు దిక్కు. కానీ శివుని పనికి పోతూ ఇంటి దగ్గరి శివుణ్ణి దాటిపోకూడదని మేస్త్రీ భార్య పట్టు. పుష్కరిణిలో కాళ్లు కడుక్కుని ఉమామహేశ్వరుణ్ణి దర్శించుకుని నంది దగ్గరికి వచ్చాం. యాగంటి బసవన్న అంతకంతకూ పెరుగుతున్నాడని, ప్రదక్షిణకు చోటు చాలక పక్కనున్న స్తంభాన్ని తీసేశారని మా వైపు పుట్టిన ప్రతివాడూ వింటూ పెరుగుతాడు. కలియుగాంతంలో ఈ బసవన్న లేచి రంకె వేస్తాడన్నది వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానంలోని మాటగా జనం నోట ఉంది. ఆ స్వామి బనగానపల్లెలో అచ్చమ్మగారింట పశువులు కాసి, రవ్వలకొండ గుహలో కూర్చుని కాలజ్ఞానం రాశాడని మా ఊరి గర్వం. అరుంధతి సినిమా తీసిన నవాబు బంగళాను చూడటానికి వచ్చేవాళ్లకు ఈ సంగతి చెబితే గాని మాకు తృప్తి ఉండదు.

అక్కడ మేస్త్రీ సంచిలోంచి ఒక గుడ్డ మూట తీశాడు. విప్పితే తూకం గుండు. దారానికి వేలాడే ఆ ఇనపగుండు ఆయన తండ్రిది, మొన తేలి నిగనిగలాడుతోంది. టిఫిన్ గిన్నెల మధ్య దాన్నీ పెట్టుకొచ్చాడు. మండపం స్తంభం ముందు నాలుగడుగుల దూరంలో నిలబడి, దారాన్ని కంటికెదురుగా పట్టుకుని, ఒక కన్ను మూశాడు.

"నిలువుకుండాది," అన్నాడు. తృప్తిగా చుట్టి మూటలో పెట్టాడు.

అవుకు దాటాక నాపరాళ్ల సీమ మొదలవుతుంది. కొలిమిగుండ్ల చుట్టుపక్కల రోడ్డుకు రెండు వైపులా గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు, విరిగిన బండల గుట్టలు. చెట్ల ఆకుల మీద కూడా తెల్లటి రాతిపిండి. మా ఇళ్ల నేల, గోడ, మిద్దె కప్పు, కడకు పెరటి తొట్టి కూడా ఈ రాయే. పొరలు పొరలుగా చీలే సున్నపురాయి. ఇదే రాతిని నీళ్లు వేల ఏళ్లుగా కరిగించుకుంటూ పోతే బెలుం గుహలు ఏర్పడ్డాయి. 1884లో బ్రిటిషు భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటి గురించి రాశాడు. ఇప్పటిదాకా కొలిచిన పొడవు 3,229 మీటర్లు. పైన నడుస్తుంటే ఎర్రటి చేను, కంది మొక్కలు. కింద మూడు కిలోమీటర్ల డొల్ల. "ఈడ పునాది తీయాలంటే భయమే," అన్నాడు మేస్త్రీ. ఆయన కూతురు నవ్వింది. బయలుదేరాక ఆ పిల్ల నవ్వడం అదే మొదలు.

తాడిపత్రిలో మేం రెండు గంటలుండిపోయాం. ఉండాల్సిందే. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడి. 1490, 1509 సంవత్సరాల మధ్య పెమ్మసాని రామలింగ నాయుడు కట్టించినది. లింగం కింద ఎప్పుడూ నీటి ఊట ఉబుకుతూనే ఉంటుంది, బుగ్గ అన్న పేరు అందుకే. ఇక్కడి గోపురాలకు పైభాగం లేదు. కింది రాతి భాగం మాత్రమే నిలబడి ఉంది. అంగుళం ఖాళీ లేకుండా చెక్కిన రాయి. చూరులు, తీగలు, గూళ్లు, గూళ్లలో బొమ్మలు. పందొమ్మిదో శతాబ్దంలో వాస్తు చరిత్ర రాసిన జేమ్స్ ఫెర్గుసన్ వీటిని చూసి ముగ్ధుడయ్యాడు. ఊళ్లో కొందరు వీటిని మొండిగోపురాలంటారు. నాకు మాత్రం, గోపురం ఎలా నిలబడుతుందో విప్పి చూపించే పాఠం ఇంతకన్నా మంచిది మన సీమలో లేదనిపించింది.

ఎందుకంటే మనం గోపురమని చూసేది రెండు వేరువేరు కట్టడాలు. కింద రాయి, పైన ఇటుక. విజయనగర కాలపు శిల్పులు వాకిలికి రెండు వైపులా రాతి అధిష్ఠానం, గోడలు లేపి, వాకిలి మీద పెద్ద రాతి దూలాలు పరిచేవాళ్లు. ఆపైన రాయి ఆపేసి, ఇటుక, గానుగ సున్నంతో అంతస్తులు తేల్చేవాళ్లు. ఒక్కో అంతస్తు కిందిదాని కన్నా చిన్నది, ప్రతి అంతస్తు నడుమ ఒక వాకిలి, లోపల డొల్ల. చివర బోర్లించిన పడవలా కప్పు, దాని మీద కలశాలు. ఇటుక తేలిక, చేతిలో ఇమిడేది, సున్నపు బొమ్మలు అతికించడానికి అనువైనది. తేలిక అన్నా ఏడంతస్తుల ఇటుక బరువు బరువే. అదంతా వాకిలికి ఇటు ఒక కాలు, అటు ఒక కాలు వేసుకుని నిలబడాలి. ఒక కాలి కింద నేల కాస్త కుంగిందా, చీలిక వాకిలి నడినెత్తి నుంచి మొదలై పైపైకి పాకుతుంది.

మేస్త్రీ ఇదంతా విని, వాకిలి కింద నిలబడి దూలాన్ని చూశాడు. పక్క గోడలో సన్నటి బీట కనబడితే గోటితో గీకి చూశాడు.

"ఇది పాతది. కదలడం లేదు."

ఎలా తెలుసంటే ఆయన చెప్పిన కిటుకు ఇది. బీటకు అడ్డంగా రెండు మూడు చోట్ల వేలెడు వెడల్పున సున్నమో సిమెంటో పలచగా పూసి, దాని మీద తేదీ గీకాలి. ఆర్నెల్లకో ఏడాదికో వచ్చి చూడాలి. పూత చెదరకపోతే బీట నిద్రపోతోంది. పూత పగిలితే గోడ నడుస్తోంది. కొందరు గాజు ముక్క అతికిస్తారట, అది ఇంకా తొందరగా చెబుతుంది. ఇంజనీర్లు చేసేదీ ఇదే, కాకపోతే వాళ్ల దగ్గర ఖరీదైన పరికరాలుంటాయి.

అక్కణ్ణుంచి ముద్దనూరు, ఎర్రగుంట్ల, కడప. ఎండ గురించి రాయడం అనవసరం, చదివేవాళ్లకు తెలుసు. కడప దాటాక ఒంటిమిట్ట కోదండరాముడి గోపురం రోడ్డు మీదికే కనబడుతుంది. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే ఈ గుడి చూసి మెచ్చుకున్నాడని చెప్పాను. వజ్రాలంటే మా బనగానపల్లెకు కూడా వచ్చినాడా అని మేస్త్రీ అడిగాడు. వచ్చాడో లేదో నాకు తెలియదు గానీ, మా రాతిగుట్టల్లోనూ వజ్రాలు తీసేవాళ్లు. భూగర్భ శాస్త్రం పుస్తకాల్లో బనగానపల్లె పేరు మామిడి వల్ల కాదు, వజ్రాలున్న గులకరాతి పొర వల్ల ఉంది.

కోడూరు దగ్గర అరటితోటల పక్కన కారు ఆపి భోజనాలు విప్పాం. జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి, పెరుగన్నం. అక్కడే పీసా కథ మొత్తం చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే మేస్త్రీ దాన్ని వదల్లేదు.

అది గుడిగంటల గోపురం. పక్కనున్న పెద్ద చర్చికి గంటలు మోగించడానికి కట్టారు. 1172లో బెర్తా అనే విధవరాలు రాళ్లు కొనడానికి అరవై నాణేలు రాసిచ్చింది. మరుసటేడు 1173లో పని మొదలైంది. గుండ్రటి గోడ, వెలుపలా లోపలా పాలరాయి, నడుమ రాతిముక్కలు, సున్నం. మూడంతస్తులు దాటేసరికి, 1178లో పని ఆగింది. దాదాపు వందేళ్లు ఆగింది. పీసా వాళ్లకు పక్క ఊళ్లతో యుద్ధాలు. ఆ యుద్ధాలే గోపురాన్ని కాపాడాయని ఇప్పటి ఇంజనీర్లు లెక్కగట్టారు. ఆపకుండా కట్టుకుంటూ పోయి ఉంటే కింది బంకమన్ను ఆ బరువుకు అప్పుడే పక్కకు జారిపోయేది. వందేళ్లలో మన్నులోని నీరు పిండుకుపోయి, అది గట్టిపడింది. 1272లో మళ్లీ మొదలుపెట్టి, 1284లో యుద్ధంలో ఓడిపోయి మళ్లీ ఆపి, చివరికి 1372 ప్రాంతంలో పైన గంటల గది పెట్టి ముగించారు. ఏడు గంటలు. రెండు వందల ఏళ్ల పని.

"మరి వంగింది కండ్లకు కనపడతాంటే ఎట్ల కట్టినారు?"

వంగిన వైపు రాళ్లు కాస్త ఎత్తు పెంచి, పై అంతస్తును నిలువుకు తెచ్చుకుంటూ కట్టారు. అది మళ్లీ వాలింది, మళ్లీ సరిచేశారు. అందుకే ఆ గోపురం తిన్నగా వాలలేదు, వంకర తిరిగింది. మేస్త్రీ తలెత్తి తోటలోని గెల వైపు చూపించాడు. "అరటికాయ మాదిరి." అవును, ప్రపంచమంతా ఇంజనీర్లు దానికి చెప్పే పోలిక కూడా అదే.

1817లో క్రెసీ, టేలర్ అనే ఇద్దరు ఇంగ్లీషు వాస్తుశిల్పులు ఆ వాలును గుండు వేలాడదీసే కొలిచారు. ఈ మాట చెప్పగానే మేస్త్రీ చేతిలోని రొట్టె ఆకులో పెట్టేశాడు. "అంటే వాళ్లు గూడా ఇదే గుండు?" ఇదే గుండు. 1911 నుంచి ఏటా పరికరాలతో కొలతలు తీశారు, 1934లో గోపురం లోపలే పొడవాటి లోలకాన్ని వేలాడదీశారు. అప్పుడు తెలిసింది, అది ఏడాది ఏడాదికీ మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర చొప్పున వాలుతూనే ఉందని. కాపాడబోయి పాడుచేసిన ఘనత కూడా ఉంది. 1838లో పునాది అందరికీ కనబడాలని చుట్టూ కాలువలా తవ్వితే నీళ్లు ఊరి ఇంకాస్త ఒరిగింది. 1934లో ముసోలినీ ప్రభుత్వం పునాదిలోకి సిమెంటు ఎక్కిస్తే మళ్లీ ఒరిగింది.

1989 మార్చి 17న అదే దేశంలో పావియా అనే ఊళ్లో వెయ్యేళ్ల నాటి గోపురం ముందస్తు హెచ్చరిక లేకుండా కుప్పకూలింది. నలుగురు చనిపోయారు. అది వాలిన గోపురం కాదు, నిలువుగానే ఉన్నది. దాంతో దడ పుట్టి 1990 జనవరిలో పీసా గోపురాన్ని మూసేశారు. వాలని ఉత్తరం వైపు పునాది మీద మొదట 600 టన్నుల సీసపు దిమ్మెలు పేర్చారు. 1995లో మట్టిని గడ్డకట్టించి తవ్వబోతే ఒక్క రాత్రిలో భయపెట్టింది, దిమ్మెలు 900 టన్నులకు పెంచాల్సి వచ్చింది.

"ఇప్పుడు నువ్వే చెప్పు మేస్త్రీ, నువ్వైతే ఏం చేస్తావు?" అన్నాను.

ఆయన ఆలోచించలేదు. "రాతికూసం నాటేటప్పుడు ఒక పక్కకు వాలితే, వాలిన పక్క ఎత్తలేం సార్. లేచిన పక్క అడుగున మన్ను గుంజుతాం. అదే దిగుతాది."

నేను నిజంగానే నోరు తెరిచాను. 1962లో టెర్రచీనా అనే ఇటలీ ఇంజనీరు చెప్పింది ఇదే. ముప్పై ఏళ్లకు పైగా ఎవరూ చెవిన పెట్టలేదు. చివరికి 1999 నుంచి 2001 దాకా ఉత్తరం వైపు అడుగున వాలుగా గొట్టాలు దించి, చెంచాలతో తీసినట్టు మట్టి తీశారు. మొత్తం 38 ఘనపు మీటర్లు, మా వైపు లెక్కలో పదమూడు పద్నాలుగు ట్రాక్టర్ల మన్ను. ఐదున్నర డిగ్రీల వాలు నాలుగు డిగ్రీల దగ్గరికి తగ్గింది. పై అంచు దాదాపు అర మీటరు వెనక్కి వచ్చింది. నిలువుగా చేయాలని ఎవరూ అనుకోలేదు, చేస్తే చూడటానికి ఎవరొస్తారు? 2001 డిసెంబరులో మళ్లీ జనాన్ని ఎక్కనిచ్చారు.

సాయంత్రం ఎండ తగ్గాక కాళహస్తి చేరాం. స్వర్ణముఖి ఇసుకతో నిండి ఉంది. పంచభూత లింగాల్లో ఇక్కడిది వాయులింగం. గాలిదేవుడి ఊళ్లో గాలిగోపురం. పాత గోపురాన్ని కృష్ణదేవరాయలు 1516లో కట్టించాడు. 1514లో ఉదయగిరి, 1515లో కొండవీడు గెలిచి, గజపతుల మీద పైచేయి సాధించిన ఊపు అది. నూరుకాళ్ల మండపం కూడా అప్పటిదే. 1529లో ఆయన తమ్ముడు అచ్యుతదేవరాయలకు పట్టాభిషేకం జరిగిన చోటు కూడా ఈ గుడే. ఏడంతస్తుల ఆ గోపురం 494 ఏళ్లు నిలబడింది. వరదలు, పిడుగులు, రాజ్యాలు మారడాలు, చుట్టూ ఊరు పెరగడం అన్నీ చూసింది. ఒంటి మీద బీటలు ఏళ్ల తరబడి జనానికి కనబడుతూనే ఉన్నాయి. 2010 మే చివరి వారంలో నిలువు చీలిక ఒక్కసారిగా వెడల్పయింది. దుకాణాలు ఖాళీ చేయించి, జనాన్ని దూరంగా పంపేశారు. 26వ తేదీ రాత్రి ఎనిమిది వేళ అది కూలిపోయింది. టీవీలో నేను చూసింది ఒక దుమ్ము మేఘాన్ని. అది తేలిపోయాక అక్కడ గోపురం లేదు, ఆకాశం ఉంది.

వెనిస్‌లోనూ ఇలాగే జరిగింది. సెయింట్ మార్కు గంటల గోపురం కొన్ని రోజులు చీలిక చూపించి, జనాన్ని ఖాళీ చేయించాక, 1902 జులై 14న కూలింది. కాపలావాడి పిల్లి తప్ప ఎవరూ చావలేదు. ఐదు గంటల్లో ఒక్కటే పగలకుండా దొరికింది. ఉన్నచోటే, ఉన్నట్టే కడతామని ఆ ఊరి వాళ్లు పట్టుబట్టి 1912లో పూర్తి చేశారు. కాళహస్తిలో కూడా అదే చోట ఏడంతస్తులు మళ్లీ లేచాయి. 2017లో కుంభాభిషేకం జరిగింది.

కొత్త గోపురం బాగుంది. బాగుందనే చెప్పాలి. గీతలు సూటిగా ఉన్నాయి, బొమ్మలు ముక్కుమొహం తీరుగా ఉన్నాయి. కానీ తాడిపత్రి రాయిని పొద్దునే చూసిన కళ్లకు ఇది నిన్ననే ఉతికి ఆరేసిన బట్టలా ఉంది. దీనికి వయసు రావాలంటే నా తరం, నా తర్వాత నాలుగైదు తరాలు పోవాలి. నిజంగా నన్ను బాధపెట్టింది కొత్తదనం కాదు. పీసా దాన్ని పడకుండా పట్టుకున్నది వాలుతోందని తెలియడం. వందేళ్లుగా ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు దాని పక్కన నిలబడి కొలత రాసుకున్నారు. మనకు ఇక్కడ బీట ఉందని అందరికీ తెలుసు. అది ఏ ఏడు ఎంత వెడల్పుందో గోడ మీద తేదీ వేసి పెట్టినవాళ్లుంటే, చివరి వారం దాకా ఆగే పని ఉండేది కాదు.

మరునాడు పొద్దున పూజ అయ్యింది. ఆ పిల్ల పసుపు బొట్టుతో, నిద్రకళ్లతో బయటికి వచ్చింది. మేస్త్రీ గోపురం ముందు వీధిలో నిలబడి మూట విప్పాడు. పూల బండివాడు, ఇద్దరు పిల్లలు ఆగి చూశారు. దారం గాలికి కాసేపు ఊగింది. ఊరి పేరుకు తగ్గ గాలి. ఆగే దాకా ఓపిగ్గా పట్టుకున్నాడు.

"తూకంలో ఉండాది," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఇప్పుడుంటే చాలదు గదా," అన్నాడు.

ఇంటికి వచ్చిన పదో రోజు మా ఊరి చిన్న గుడి గోపురం ఎక్కాం. రెండో అంతస్తు వాకిలి పైన ఒక బీట ఉంది, నా చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. దాని మీద మూడు చోట్ల సున్నం పూసి, మేకుతో తేదీ గీకి వచ్చాం. మీ ఊళ్లోనూ ఒక పాత గోపురమో, బురుజో, మినారో ఉంటుంది. గుప్పెడు సున్నం, ఒక మేకు, ఒక నిచ్చెన చాలు. తేదీ వేయండి. వచ్చే ఏడు మళ్లీ ఎక్కి చూడండి, పూత పగిలి ఉంటే ఫొటో తీసి ఆ కట్టడం ఎవరి చేతిలో ఉందో వాళ్లకు రాతమూలకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి.